మేక కొట్టిన గంట

మామిడి కాలంలో శ్రీనివాసపురం మార్కెట్టు పక్కన నిలబడితే మూడు వాసనలు కలిసి వస్తాయి. తొడిమ విరిగిన కాయనుంచి కారే సొన వాసన, పెట్టెల్లో పరిచిన ఎండుగడ్డి వాసన, వరసగా నిలిచిన లారీల పొగ వాసన. మొన్న ఆ మూడింటి మధ్య మునిరెడ్డి మండీ ఆఫీసులో ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. "ఆన్ చేస్తే చాలమ్మా, సంతలో మాదిరి అరస్తాది" అని ఫోను చేసి పిలిపించాడు. ఆన్ చేశాను. తెర ఇంకా పూర్తిగా వెలగనేలేదు, మూలనుంచి టింగుమని గంట మోగింది. ఆ వెనకే ఒక పెట్టె ఊడిపడి, మీకు బహుమతి వచ్చింది, ఇక్కడ నొక్కండి అంది. నా చెయ్యి దానంతటదే మౌసు మీదినుంచి లేచి ఒళ్ళోకి వచ్చి పడింది. నాకు నవ్వు ఆగలేదు. "ఏమమ్మా నగుతావు? నా సిస్టం అంత బాగుండాదా?" అన్నాడు మునిరెడ్డి. "లేదన్నా, మా తాత గుర్తొచ్చినాడు" అన్నాను.

నిజానికి ఆయన నాకు తాత కాడు. చుట్టమూ కాదు. పేరు చెంగల్రాయప్ప. వాళ్ళ పెద్దలు చిత్తూరు వైపునుంచి బంగారు గనుల్లో పనికని వచ్చి కోలారులో స్థిరపడ్డవాళ్ళు. ఆయన గనిలోకి దిగి రాయి కొట్టలేదు. గనిపైన ఇంజను గదిలో పెద్ద చక్రం దగ్గర కూర్చుని, మనుషుల్ని మోసుకుపోయే కేజ్‌ను షాఫ్ట్‌ అనే నిలువు బావిలోకి దింపడం, పైకి లాగడం ఆయన ఉద్యోగం. ఆ పనిలో చిత్రమేమిటంటే, ఆయన మోస్తున్న మనుషులు ఆయనకు ఎప్పుడూ కనిపించరు. గంట ఒక్కటే వినిపిస్తుంది. షాఫ్ట్ నోటి దగ్గర నిలబడ్డ బ్యాంక్స్‌మన్ గంట కొట్టి, కిందివాళ్ళ కబురైనా పైవాళ్ళదైనా చెబుతాడు, ఈయన అదే గంట తిరిగి కొట్టి విన్నానని చెబుతాడు, అప్పుడు గాని కేజ్ కదలదు. సర్వీసంతా అలా గంటలతో మాట్లాడుతూ గడిపిన మనిషి ఆయన. గనులు మూతపడ్డాక తోటివాళ్ళంతా తలో దిక్కుకు పోయారు. ఒకాయన కుప్పం, ఒకాయన పలమనేరు, ఇద్దరు బెంగళూరులో కొడుకుల దగ్గర. ఈయన మాత్రం ఊరు కదల్లేదు. సైనైడ్ దిబ్బలు అనే గని మట్టి గుట్టలు కనబడే వీధిలో కూతురు శకుంతలక్క ఇంట్లో ఉండేవాడు.

నేను డిప్లొమా అయిపోయి, ఆ ఊళ్ళోనే రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక కంప్యూటరు రిపేరు షాపులో చేరిన కొత్త. మా షాపులో ఏ జబ్బుకైనా ఒకటే మందు: అంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం. ఆ మందు నాకూ బాగా నచ్చింది. ఎందుకంటే అందులో ఎవరితోనూ మాట్లాడే పని లేదు. నాకప్పుడు కోపం ముక్కు మీద ఉండేది. కనబడిందల్లా నొక్కి, తరువాత "నేనేమీ చేయలేదమ్మా" అనేవాళ్ళంటే ఒళ్ళు మండేది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని లోకుల్ని ఆడిపోసుకునేదాన్ని. అలాంటి రోజుల్లో ఒకనాడు శకుంతలక్క ఫోను చేసింది. వాళ్ళ కంప్యూటరు నిండా ప్రకటనలేనట, వచ్చి చూడమంది.

వెళ్ళి చూస్తే నిజంగానే తిరునాళ్ళు. బ్రౌజరు తెరిస్తే పైన వరసగా నాలుగు పట్టీలు. ఒకటి వాతావరణం చెబుతుంది, ఒకటి జాతకం చెబుతుంది, మిగతా రెండూ ఎందుకున్నాయో వాటికే తెలియదు. ఏది వెతికినా పేరు వినని పేజీకి లాక్కుపోతుంది. కుడివైపు కింద నాజూకు నడుము కోసం మందు పొడి, ఎడమవైపు ఒక చిలక జోస్యం. నేను బ్యాగు దించి, "అంతా తుడిచేస్తాను తాతా, సాయంత్రానికల్లా కొత్తదైపోతుంది" అన్నాను. అంతవరకూ గుమ్మం పక్కన కుర్చీలో బుద్ధిగా కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి కంప్యూటరుకూ నాకూ మధ్య నిలబడ్డాడు.

"ఇంట్లో ఎలకలుండాయని ఇంటికి నిప్పు పెడతారా పాపా?" అన్నాడు.

"ఎలకలు కావు తాతా, ఏనుగులే ఉన్నాయి ఇందులో."

"ఏనుగులైనా సరే. దీంట్లో మావాళ్ళుండారు."

మావాళ్ళు అంటే ఎవరో శకుంతలక్క చెప్పింది. ప్రతి ఆదివారం పొద్దున ఆ తోటివాళ్ళంతా ఈ కంప్యూటరులో వీడియో కాల్‌లో కలుస్తారు. కుప్పంలో ఉన్నాయన మనవరాలి ఫోనులోంచి, పలమనేరాయన కొడుకు దుకాణంలోంచి. ఒకడు ఇంజను గది కబుర్లు చెబుతాడు, ఒకడు పాత సూపర్‌వైజరు నడకను అనుకరిస్తాడు, ఇంకొకడు ఏమీ మాట్లాడకుండా కాఫీ తాగుతూ నవ్వుతాడు. అవన్నీ తాత రికార్డు చేసి దాచుకున్నాడు. వారం మధ్యలో విసుగు పుడితే పెట్టుకుని వింటాడు. "ఆదివారం పొద్దున మా నాయన కొత్త పెళ్ళికొడుకు మాదిరి తయారైతాడు పద్మా" అంది శకుంతలక్క. ఆ మాట విన్నాక నా మందు నేనే మింగేశాను. కూర్చుని ఒక్కొక్కటే పీకాను. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ఇటీవల చేరినవాటిని తేదీల వరసలో పెట్టి, అక్కరలేనివన్నీ తీసేశాను. బ్రౌజరుకు అతుక్కున్న తోకలు కత్తిరించాను. మొదటి పేజీని దాని చోటికి తెచ్చాను. పేరున్న శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి పెట్టి అంతా ఒకసారి వెతికించాను. శుభ్రమైన తెర చూసి తాత, షిఫ్ట్ దిగి స్నానం చేసిన మనిషిలా ఉంది అన్నాడు.

వారం తిరక్కముందే మళ్ళీ ఫోను. ఈసారి చిలకతో పాటు ఒక గుడ్లగూబ కూడా చేరింది. మళ్ళీ పీకాను. మళ్ళీ వచ్చాయి. మూడోసారి అయితే కంప్యూటరును శుభ్రం చేస్తానని చెప్పుకునే బొమ్మే ఒకటి వచ్చి, అది ఇంకో అరడజనును వెంటబెట్టుకొచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. "తాతా, నిజం చెప్పు, ఏమేం చూస్తుంటావు ఇందులో?" అని ఎగతాళి చేశాను. ఆయన ఎర్రబడి, "దేవుని సాక్షిగా మావాళ్ళ మొహాలు తప్ప ఏమీ చూడలేదు పాపా" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఇవి పిలవని పేరంటానికి రావు, ఎవరో ఒకరు తలుపు తీయాలి అని నాకు తెలుసు.

అసలు గొడవ ఆ తరువాత వచ్చింది. శకుంతలక్క బడిలో టీచరు. ఒక సాయంత్రం వాళ్ళ హెడ్మిస్ట్రెస్ ఇంటికొచ్చి, ఏదో పాఠం వీడియో చూద్దామని కంప్యూటరు ముందు కూర్చుంది. పాఠం మొదలుకాకముందే తెర నిండా ఒక అమ్మాయి బొమ్మ ఊడిపడి, నడుం తిప్పుతూ, పెద్ద గొంతుతో ఒళ్ళు తగ్గే మందు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎంత మూసినా మూతపడలేదట. చివరికి శకుంతలక్క దాని మీద టవలు కప్పింది. టవలు కింద ఆ అమ్మాయి మాట్లాడుతూనే ఉందట. ఇది విని నేను గోడకు ఆనుకుని నవ్వాను గాని, శకుంతలక్క నవ్వలేదు. "ఇంగ చాలు పద్మా. దసరాకు ఇల్లు సర్దేటప్పుడు దీన్ని బడికి ఇచ్చేస్తా. పిల్లోళ్ళన్నా నేర్చుకుంటారు. నాయనకు ఎంత చెప్పినా అంతే, యాడ చూస్తే ఆడ నొక్కుతాడు" అంది. తాత కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆదివారం పొద్దున తయారై కూర్చునే మనిషికి ఇక ఆదివారాలు ఉండవని నాకు అర్థమైంది. అప్పుడే అన్నాను, "అక్కా, ఆయుధపూజ దాకా టైమివ్వు. అప్పటికీ ఇలాగే ఉంటే నేనే మోసుకెళ్ళి మీ బడిలో పెట్టి వస్తాను."

మరుసటి ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఈసారి స్క్రూడ్రైవరు తీయలేదు, మౌసు ముట్టుకోలేదు. "నువ్వు రోజూ చేసేదే చెయ్యి తాతా, నేను చూస్తాను" అని పక్కన పీట వేసుకున్నాను. కాల్ ఇంకా మొదలు కాలేదు. ఆయన వార్తల పేజీ తెరిచాడు. పైన చిన్న గంట బొమ్మతో ఒక పెట్టె వచ్చి, మీకు కబుర్లు పంపమంటారా అని అడిగింది. తాత వెంటనే వెన్ను నిటారుగా పెట్టాడు. రెండు పాదాలూ నేలకు ఆనించాడు. సరే అన్న చోట నొక్కాడు. కాసేపటికి టింగుమని ఇంకొకటి. మళ్ళీ వెన్ను నిటారు, మళ్ళీ సరే. చదవనైనా చదవలేదు. పెట్టె రావడం ఆలస్యం, ఆయన వేలు సిద్ధం.

"తాతా, ఎందుకు నొక్కినావు దాన్ని?"

ఆయన నన్ను వింతగా చూశాడు. నేనేదో అడగకూడనిది అడిగినట్టు చూశాడు.

"గంట కొట్టినారు కదా పాపా?"

"కొడితే?"

"కొడితే ఏమి? జవాబు ఇవ్వల్ల. గంట కొట్టినాక నువ్వు జవాబు ఇవ్వకుండా సుమ్నే కూర్చుంటే కింద మనుషులు ఏమనుకుంటారు? చీకట్లో కేజ్‌లో నిలబడి ఉంటారు. డ్రైవరు విన్నాడా, సచ్చినాడా, ఏమీ తెలీదు వాళ్ళకి. నా సర్వీసులో ఒక్క గంటకు జవాబు తప్పలేదు, తెలుసునా?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేనేమో ఆశకొద్దీ నొక్కుతున్నాడనుకున్నాను, శకుంతలక్కేమో తెలివితక్కువకొద్దీ అనుకుంది. ఆ ముసలాయనేమో తెర వెనకాల చీకట్లో ఎవరో మనుషులు నిలబడి ఉన్నారని, వాళ్ళను ఎదురుచూడబెట్టకూడదని నొక్కుతున్నాడు. లోకంలో ఇంత మర్యాదగా ప్రకటనలకు తలుపు తీసినవాడు ఇంకొకడు ఉండడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. ఇలాంటి మనిషికి నొక్కవద్దు అని చెప్పడమెలా? అది ఆయనకు, కింద ఉన్నవాళ్ళను వదిలెయ్యి అని చెప్పినట్టే. గోడమీద కాలెండరు చూస్తూ చాలాసేపు ఆలోచించాను. చివరికి ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగాను.

"తాతా, గంట ఎవరు కొట్టినా కేజ్ కదిలించేవాడివా?"

పెద్దాయనకు కోపమొచ్చింది. "ఎవురంటే వాళ్ళు కొడితేనా? బాగుంది! బ్యాంక్స్‌మన్ కొట్టల్ల. కొట్టేదానికి ఒక పద్ధతి ఉండాది, ఒక లెక్క ఉండాది. పద్ధతి లేని గంటకు బ్రేకు మీద చెయ్యి తీసేదే లేదు. మేక కథ నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు."

అప్పుడు చెప్పాడు. మారెమ్మ జాతర ముందురోజు. ముత్తు అనే బ్యాంక్స్‌మన్ జాతర కోసం ఒక మేకను తెచ్చుకున్నాడు. షిఫ్ట్‌కు టైమైపోయింది, ఇంటికి తోలుకుపోయే వ్యవధి లేక షాఫ్ట్ దగ్గరే ఒక కమ్మీకి కట్టేశాడు. ఆ కమ్మీకి ఆనుకునే గంట తీగ పోతుంది. ముత్తు పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతుంటే మేక ఎదుటనున్న ఆకుల కోసం మెడ సాచింది, దాని తాడు ఆ తీగను లాగింది. ఇంజను గదిలో గంట మోగింది. ఒకటి. ఆగి, రెండు. మళ్ళీ ఒకటి. మళ్ళీ గణగణా లెక్కలేనన్ని. "ఏ పుస్తకంలోనూ లేని గంట పాపా అది. నా పక్కనున్న మనిషి, అన్నా జవాబు ఇయ్యి, జవాబు ఇయ్యి అని అరస్తాడు. నేను బ్రేకు పట్టుకొని కదల్లేదు. పోయి చూడు, ఎవురు కొట్టినారు అన్నాను. వాడు పరిగెత్తినాడు. అక్కడినుంచి కేక పెట్టినాడు చూడు, అన్నా, మేక కొట్టింది!" తాత కుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగుతూ నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పొద్దు కేజ్‌లో మనిషి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఉన్నాడు. నేను కదిలించి ఉంటే..." అని, మెల్లగా అన్నాడు, "ఆ మనిషే కుప్పంలో ఉండేది. వారం వారం కాఫీ తాగుతా నగుతాడే, ఆయన."

నేను తెర మీదున్న పెట్టెను వేలితో చూపించాను. ఉచిత బహుమతి అంటూ అది ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉంది. తాత దాన్ని చూశాడు. నన్ను చూశాడు. ఆయన ముఖంలో అర్థం కావడం నెమ్మదిగా, పెద్ద చక్రం తిరగడం మొదలుపెట్టినట్టు మొదలైంది. "అంటే ఇన్ని దినాలూ నేను..." అన్నాడు. "అవును తాతా. మేకకు జవాబు ఇచ్చినావు." ఆయన నుదురు కొట్టుకున్నాడు. లోపల దోసె వేస్తున్న శకుంతలక్క, ఏమైందోనని గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. మేమిద్దరం నవ్వడం చూసి, ఈ ఇంట్లో ఇద్దరు పిచ్చోళ్ళయ్యారు అని తిరిగి పోయింది.

ఆ రోజునుంచి పని సులువైపోయింది. నేను కంప్యూటరు భాషలో చెప్పేది ఆయన తన గని భాషలోకి తిప్పుకునేవాడు. పెట్టె వచ్చిందా, ముందు చెయ్యి ఒళ్ళోకి. ఎవరు కొట్టారు? నేను తెరిచిన ప్రోగ్రామేనా, పేరు తెలిసినదేనా? కాకపోతే మేక. ఆ పెట్టెలో ఉన్నదేదీ ముట్టుకోకూడదు, వద్దు అన్నదీ, మూసేయి అన్నదీ కూడా. అవి కూడా మేకను కట్టిన తాళ్ళే కావచ్చు. మొత్తం పేజీనే పైనుంచి మూసేయాలి, అది మొండికేస్తే బ్రౌజరునే ఆపేయాలి. కబుర్లు పంపమంటారా అని అడిగే గంట బొమ్మకు ఎప్పుడూ వద్దు అనాలి. ఇంతకుముందు సరే అన్నవాటినన్నిటినీ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆయన చేతే ఒక్కొక్కటిగా తీయించాను. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా "పో మేకా" అన్నాడు.

కొత్త ప్రోగ్రాం ఎక్కించే సంగతి వచ్చినప్పుడు ఆయనే నాకు పాఠం చెప్పాడు. నేనేమో, ఏదైనా ఉచితంగా దించుకున్నప్పుడు ముందుకు, ముందుకు అని నొక్కుతూ పోతే, మధ్యలో ముందే టిక్కు పెట్టి ఉన్న గడుల్లో దాని చుట్టాలంతా దూరుతారు, అందుకని తొందరపడకుండా మనం ఎంచుకునే దారిలో వెళ్ళి ప్రతి టిక్కూ తీసేయాలి అన్నాను. "ఓ, జేబులు తడిమి చూసేదా?" అన్నాడు. కిందికి దిగేముందు కేజ్ దగ్గర ప్రతి మనిషినీ తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకునేవారట. ఒక్క అగ్గిపుల్ల కూడా కిందికి పోకూడదు. "మంచి మనిషే, నాకు తెలిసిన మనిషే అని వదిలేది లేదు పాపా. మంచోడి జేబులోనే బీడీ ఉంటాది." అప్పటినుంచి ఏ ప్రోగ్రాం ఎక్కించినా అద్దాలు తుడుచుకుని, తెరకు ముక్కు ఆనించి, ప్రతి పేజీనీ తడిమేవాడు. ఒక చిన్న పాటల ప్రోగ్రాం ఎక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బొమ్మలు మెరిసే పెద్ద పెద్ద డౌన్‌లోడ్ బటన్లను వదిలి, తయారుచేసినవాళ్ళ సొంత పేజీ ఎక్కడుందో వెతుక్కోవడం కూడా నేర్చాడు. అయితే శకుంతలక్కకు ఇదేమీ నమ్మకం కలిగించలేదు. "దసరా రానీ" అనేది అంతే. బడిలో బల్ల కూడా చూసి పెట్టుకుంది.

ఆయుధపూజ వచ్చింది. మా కోలారు ప్రాంతంలో ఆ రోజు బండికీ, కత్తికీ, కుట్టుమిషనుకూ, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, పూలు వేసి, బూడిద గుమ్మడికాయ కొడతారు. గనుల రోజుల్లో ఇంజనుకు జరిగే పూజ అంత ఘనంగా పెళ్ళిళ్ళు కూడా జరిగేవి కావని తాత చెప్పేవాడు. ఆ ఏడు తోటివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడినుంచే ఒకే సమయానికి కలిసి పూజ చేసుకోవాలని నిశ్చయించుకున్నారు. నేనూ వెళ్ళాను. శకుంతలక్క నడవలో అన్నీ వరసగా పెట్టింది: తన స్కూటరు, కత్తిపీట, కుట్టుమిషను, రోలు, తాత పాత టార్చిలైటు. అన్నిటికీ చామంతులు, కుంకుమ. కంప్యూటరుకు మాత్రం ఏమీ లేదు. బల్లమీద బోడిగా నిలబడి ఉంది. నేను అడగబోతే ఆమె చిన్నగా, "ఇంట్లో ఉండేవాటికే కదా పద్మా పూజ" అంది. తాత విన్నాడు. విననట్టు తెర ముందు కూర్చున్నాడు.

కాల్ మొదలైంది. తెరలో గళ్ళు గళ్ళుగా ముసలి ముఖాలు, కొందరి నుదుట విభూతి, ఒకాయన ఏకంగా పాత హెల్మెట్టు పెట్టుకొచ్చాడు. ముత్తు ఇంకా రాలేదు. ఇంతలో తెరమీద ఒక పెట్టె, ఎవరో లోపలికి రావడానికి అనుమతి అడుగుతున్నారని. తాత చెయ్యి ఒళ్ళోకి వెళ్ళిపోయింది. పేరు చూశాడు. ముత్తు మనవడి పేరుంది అక్కడ. "ఈ పేరుతో నాకు ఎవురూ తెలీదు" అన్నాడు. ఫోను మోగింది. అవతల ముత్తు గోల పెడుతున్నాడు. "నేనేపా! బయట నిలబెట్టినావు!" తాత గంభీరంగా, "ఏ షాఫ్ట్? ఏ షిఫ్ట్?" అని అడిగాడు. ముత్తు తిట్టిన తిట్లు ఫోనులోంచి మా అందరికీ వినిపించాయి. "ఆ, ఇతనే" అని తాత తలుపు తీశాడు. శకుంతలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

పూజ ముందు నాదస్వరం పెడదామన్నాడు తాత. అందరికీ వినబడేలా తన తెరను వాళ్ళకు చూపిస్తూ, ఏదో పాటల పేజీ తెరిచాడు. సన్నాయి ఇలా అందుకుందో లేదో, తెరంతా ఎర్రబడింది. సైరను మోగింది. మీ కంప్యూటరుకు ప్రమాదం, వెంటనే నొక్కండి, వెంటనే అని పెద్ద అక్షరాలు కొట్టుకుంటున్నాయి. శకుంతలక్క హారతి పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయింది. ఊరు ఊరునా ఆ ముసలాళ్ళందరూ కూడా అదే ఎర్రతెర చూస్తున్నారు. వాళ్ళందరికీ ఆ సైరను తెలుసు. అలాంటిది మోగితే ఏం చేయాలో ఒంట్లో ఇంకి ఉంది. తాత వెన్ను నిటారైంది. పాదాలు నేలకు ఆనాయి. కుడిచెయ్యి లేచింది. నేను నోరు తెరిచేలోపే ఆ చెయ్యి మౌసు దాటి, గాలిలో కనబడని బ్రేకు ఒకటి పట్టుకున్నట్టు పట్టుకుని, ఆగిపోయింది.

"ఎవురు కొట్టినారు?" అన్నాడు ఇంజను గది గొంతుతో.

కుప్పంనుంచి, ఎప్పుడూ మాట్లాడని ఆ కాఫీ మనిషి గొంతు వచ్చింది. "మేక, అన్నా."

ఆ వెంటనే అందరూ అందుకున్నారు. మేక! మేక! ముత్తయితే మేకలాగే అరిచాడు. ఇంకొకాయన అందుకున్నాడు. స్పీకర్లలోంచి గనుల కాలపు పెద్దమనుషుల మేక అరుపులతో ఇల్లు దద్దరిల్లింది. తాత నెమ్మదిగా, ఆ ఎర్రపెట్టెలో దేన్నీ ముట్టుకోకుండా, పేజీని పైనుంచి మూసేశాడు. సైరను ఆగింది. ఎక్కడివాళ్ళక్కడ నవ్వీ నవ్వీ దగ్గుతున్నారు. శకుంతలక్క గుమ్మంలోంచి కదిలింది. హారతి పళ్ళెం పక్కన పెట్టి, కుంకుమ భరిణె తీసుకుని వచ్చి, కంప్యూటరు నుదుట పెద్ద బొట్టు పెట్టింది. సరిగ్గా తెర మధ్యలో పెట్టింది, కుప్పం ఆయన ముఖం మీద. దాన్ని తుడవడానికి నాకు తరువాత అరగంట పట్టింది. తాత కూతురి చెయ్యి పట్టుకుని వదల్లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఆయనా, ఆమా, నేనా అని ఎవరైనా అడిగితే ముగ్గురమూ అని చెబుతాను. బడిలో చూసి పెట్టిన బల్ల మీద శకుంతలక్క పూలకుండీ పెట్టించింది.

తాతనుంచి నేను నేర్చుకున్నది కంప్యూటర్లతో ఆగలేదు. నా పెళ్ళి సంబంధాల కాలంలో ఒకసారి మా పెద్దమ్మ ఫోను చేసి, అబ్బాయి బంగారుపేటలో రైల్వే ఉద్యోగి, ఈ సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పకపోతే చేయి జారిపోతుందని ఊదరగొట్టింది. నేను చెమటలు కక్కుతూ తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అంతా విని, "గంట ఎవురు కొట్టినారు పాపా? అబ్బాయా, పెండ్లిళ్ళ పేరయ్యా?" అన్నాడు. కనుక్కుంటే తొందరంతా పేరయ్యదే. అబ్బాయితో నేనే మాట్లాడాను. "నాకేం తొందర లేదండీ, మీరు నిదానంగా ఆలోచించుకోండి" అన్నాడు. అందుకే ఆయన్ను చేసుకున్నాను. పెళ్ళికి తాత వచ్చి, మా ఆయన భుజాలూ జేబులూ తడిమి చూసి, బీడీలు లేవు, పోవచ్చు అన్నాడు. పెళ్ళివారికి ఏమీ అర్థం కాలేదు. నేను మాత్రం తలంబ్రాల మధ్య తల వంచుకుని నవ్వాను.

తాత పోయి రెండేళ్ళయింది. ఒక ఆదివారం కాల్ అయిపోయాక కుర్చీలోనే కునుకు తీసి, అలాగే వెళ్ళిపోయాడు. తోటివాళ్ళ ముఖాలు చూసుకుని, నవ్వుకుని పోయాడు కాబట్టి ఏడ్చినా మనసు చల్లగానే ఉంది. ఇప్పుడు నాకు శ్రీనివాసపురంలో సొంతంగా చిన్న షాపుంది. ఎవరి కంప్యూటరు వచ్చినా, ముందు వాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. ఎందుకు నొక్కావని కసిరినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతాను. ప్రతి మనిషి వేలు వెనకాలా ఏదో ఒక మర్యాదో, భయమో, అలవాటో ఉంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు, మిగతాదంతా పది నిమిషాల పని. నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు.

మునిరెడ్డిని కూడా అదే అడిగాను. ఆయన తల గోక్కుని, "మండీలో కూర్చున్నాక పిలిచినోడికి పలక్కపోతే బాగుంటాదామ్మా? రైతైనా, లారీవాడైనా, ఎవరైనా సరే" అన్నాడు. నాకు ముద్దొచ్చింది ఆ జవాబు. చిలకనూ, గుడ్లగూబనూ, వాటి బంధువులనూ ఒక్కొక్కటే పీకుతూ ఆయనకు మేక కథంతా చెప్పాను. ఆయన కాయల లెక్క కూడా మరిచి విన్నాడు. పని ముగించి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఏదో ఒక పేజీ తెరవమన్నాను. తెరిచాడు. టింగుమంది. మునిరెడ్డి వేలు అలవాటుగా ముందుకు పోయి, సగంలో ఆగి, వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది. ఆయన నా వైపు తిరిగి, చాలా గంభీరంగా, "ఎవురమ్మా కొట్టినారు?" అన్నాడు. తాత పోయాక ఆ మాట ఆ యాసలో ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

"మేకన్నా" అన్నాను.